అరవై ఓట్ల సాకు

ఒబామా ఆరోగ్య బీమా చట్టం గురించి మాట వచ్చినప్పుడల్లా రాజకీయాలు బాగా ఎరిగినవాళ్ళ నోట ఒకే తీర్పు వినిపిస్తుంది. ఆయన సాధించగలిగినంతా సాధించాడట. అంతకు మించి రాకపోవడం ఆయన తప్పు కాదట. సెనేట్‌లో అరవై ఓట్లు కావాలి, అరవయ్యో ఓటు సెనేటర్ జో లీబర్‌మన్ చేతిలో ఉంది, ఆయన కుదరదన్నాడు, ఇంక చేయగలిగిందేముంది అంటారు. అధ్యక్షుడు ఇంకా గట్టిగా కొట్లాడి ఉండాల్సిందని ఎవరైనా అంటే, పాపం అమాయకులు, వీళ్ళకు ఓట్ల లెక్క తెలియదని పక్కన పెడతారు. ఈ తీర్పుకు పండితుల అండ కూడా ఉంది. అధ్యక్షుల ప్రసంగాలు ప్రజాభిప్రాయాన్ని కదిలించిన సందర్భాలు చాలా తక్కువని జార్జ్ ఎడ్వర్డ్స్ అనే రాజనీతి పండితుడు 2003లో ఒక పుస్తకమే రాశాడు. 2009లో బ్రెండన్ నైహన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. సంకల్పబలం ఉంటే అధ్యక్షుడు ఏదైనా చేయగలడని నమ్మేవాళ్ళు గ్రీన్ లాంటర్న్ అనే బొమ్మల కథల వీరుడి ఉంగరాన్ని నమ్ముతున్నట్టేనన్నాడు. వాషింగ్టన్‌లో ఆ ఎత్తిపొడుపు ఇప్పటికీ చెల్లుబాటవుతోంది.

ఆ తీర్పు తప్పు. దాన్ని తప్పని రుజువు చేయడానికి వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు, ఆ చట్టం ఎలా బతికి బయటపడిందో గుర్తుచేసుకుంటే చాలు.

2010 జనవరి 19న మసాచుసెట్స్ ఉపఎన్నికలో రిపబ్లికన్ పార్టీకి చెందిన స్కాట్ బ్రౌన్ గెలిచాడు. అది టెడ్ కెన్నెడీ చనిపోయేదాకా దాదాపు నలభై ఏడేళ్ళు కూర్చున్న స్థానం. అందరికీ వైద్యం అందాలన్నది ఆయన జీవితాశయం. ఆ ఒక్క ఫలితంతో డెమోక్రాట్ల అరవై ఓట్లు యాభై తొమ్మిదయ్యాయి. లెక్కలే సర్వస్వమైతే బిల్లు ఆ రాత్రే చచ్చిపోవాలి. చచ్చిపోయిందనే చాలామంది రాశారు కూడా. శ్వేతసౌధం చీఫ్ ఆఫ్ స్టాఫ్ రామ్ ఇమాన్యుయేల్ చిన్న బిల్లుతో సరిపెట్టుకుందామని సలహా ఇచ్చినట్టు పత్రికల్లో వచ్చింది. ఒబామా ఆ సలహాను పక్కన పెట్టాడు. ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ కత్తిరించిన బిల్లుకు ససేమిరా అంది.

ఆ తర్వాత రెండు నెలల్లో ఒబామా చేసిన పనులు చూడండి. ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఆంథెమ్ బ్లూ క్రాస్ సంస్థ సొంతంగా బీమా కొనుక్కునేవాళ్ళ ప్రీమియంలను 39 శాతం దాకా పెంచబోతోందని తెలియగానే ఆ వార్తను వదలకుండా ఊరూరా ఎండగట్టాడు. ఫిబ్రవరి 25న బ్లెయిర్ హౌస్‌లో రెండు పార్టీల నాయకుల్నీ కూర్చోబెట్టి, టీవీ కెమెరాల ముందు రోజంతా బిల్లు మీద వాదించాడు. మార్చిలో ఇండొనేసియా, ఆస్ట్రేలియా పర్యటన వాయిదా వేసుకున్నాడు. ఈ బిల్లు చాలదని ఎడమవైపు నుంచి వ్యతిరేకిస్తున్న డెమోక్రాట్ సభ్యుడు డెనిస్ కుసినిచ్‌ను తన విమానంలో ఒహాయోకు వెంటబెట్టుకుని వెళ్ళాడు. రెండు రోజులకు కుసినిచ్ ఓటు మారింది. గర్భస్రావాలకు ప్రభుత్వ సొమ్ము వెళ్ళకూడదని పట్టుబట్టిన బార్ట్ స్టూపాక్ బృందానికి ఆ మేరకు ఉత్తర్వు ఇస్తానని మాట ఇచ్చి ఒప్పించాడు. మార్చి 21 రాత్రి ప్రతినిధుల సభలో, సెనేట్ అంతకుముందే ఆమోదించిన బిల్లు 219–212 ఓట్లతో గట్టెక్కింది. మిగిలిన సవరణలు చర్చను సాగదీసి ఓటింగ్ జరగనివ్వని ఫిలిబస్టర్ బెడద లేని రికన్సిలియేషన్ అనే బడ్జెట్ పద్ధతిలో సెనేట్‌లో 56–43తో నెగ్గాయి. ఆ పద్ధతికి అరవై ఓట్లు అక్కర్లేదు.

ఈ రెండు నెలల్లో ప్రజాభిప్రాయం చెప్పుకోదగ్గంతగా మారలేదు. అక్కడ ఎడ్వర్డ్స్ చెప్పింది నిజమే. మారింది సభ్యుల ఓట్లు. అవి మారింది అధ్యక్షుడు తన పదవిలో ఉన్న ప్రతి సాధనాన్నీ బయటికి తీసినందువల్ల. యాభై తొమ్మిది ఓట్లతో, ఓటమి మూటగట్టుకున్న మార్చిలో పనికొచ్చిన పోరాటం, అరవై ఓట్లు చేతిలో ఉన్న అంతకుముందు వేసవిలో ఎందుకు పనికిరాదు? లెక్కల వాదులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పరు. గెలిచిన చోట అధ్యక్షుడి పట్టుదలను పొగుడుతారు, పోగొట్టుకున్న చోట సెనేట్ నిబంధనల్ని చూపిస్తారు. ఒకే మనిషికి, ఒకే బిల్లుకు, ఒకే సభకు రెండు కొలతలు పెడతారు.

అసలు వాళ్ళ మనసులో పోరాటం అంటే ప్రసంగం. అదే వాళ్ళ తప్పుకు మూలం. 1962 మేలో జాన్ కెన్నెడీ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలాదిమంది ముందు వృద్ధుల ఆసుపత్రి బీమా కోసం ఉద్వేగంగా మాట్లాడాడు. జూలైలో సెనేట్ ఆ బిల్లును 52–48తో పక్కకు నెట్టేసింది. ఒక్క ప్రసంగంతో అయ్యే పని కాదని అప్పుడే తేలింది. ఏ సభ్యుడికి ఏది ఇవ్వాలి, ఎవరి దగ్గర ఏది బిగబట్టాలి, ఏ బిల్లు మీద సంతకం పెట్టనని ముందే చెప్పాలి, ఏ వ్యాపార వర్గాన్ని ఏ గదిలోకి రానివ్వాలి, ఎవరికి ఎన్నాళ్ళు గడువివ్వాలి, ఈ నిర్ణయాలన్నీ అధ్యక్షుడివే. వీటిని సెనేట్ నిబంధనలు నిర్ణయించవు. ఒబామా 2009 వేసవిలో ఈ నిర్ణయాలు ఎలా చేశాడో చూస్తే ఆ చట్టంలో ఏం లేకుండా పోయిందో, ఎందుకు పోయిందో అర్థమవుతుంది.

మందుల కంపెనీలతో మొదలుపెడదాం. మెడికేర్ అనే వృద్ధుల బీమాను నడిపే ప్రభుత్వం మందుల ధరల మీద కంపెనీలతో బేరమాడకూడదని 2003 చట్టం నిషేధించింది. ఆ చట్టం సభలో నెగ్గడానికి తోడ్పడిన కమిటీ ఛైర్మన్ బిల్లీ టాజిన్, ఆ తర్వాత మందుల కంపెనీల సంఘానికే అధిపతిగా చేరాడు. జీతం ఏడాదికి ఇరవై లక్షల డాలర్లు. 2008 ఎన్నికల్లో ఒబామా ఒక ప్రకటనలో ఈ ఉదంతాన్నే చెప్పి, ఈ ఆట కట్టిస్తానన్నాడు. చర్చలన్నీ టీవీలో జనం చూస్తుండగానే జరుపుతానన్నాడు. 2009 జూన్‌లో అదే టాజిన్ సంఘంతో శ్వేతసౌధం మూసిన తలుపుల వెనక ఒప్పందం చేసుకుంది. పదేళ్ళలో 8,000 కోట్ల డాలర్ల మేర తగ్గింపులు ఇస్తామని కంపెనీలు ఒప్పుకున్నాయి. మెడికేర్ ధరల బేరం, కెనడా వంటి దేశాల నుంచి చవక మందుల దిగుమతి జోలికి పోమని ప్రభుత్వం పక్కకు తప్పుకుంది. డిసెంబర్‌లో సెనేటర్ బైరన్ డోర్గన్ దిగుమతి సవరణ తెస్తే 51–48తో మెజారిటీ వచ్చినా అరవై చేరక ఓడిపోయింది. అధ్యక్షుడి యంత్రాంగం ఆ సవరణ పక్షాన నిలబడలేదు. ఇక్కడ లీబర్‌మన్‌ను నిందించడానికేమీ లేదు. ఏ సెనేటర్ కూడా ఓటు వేయకముందే, బిల్లు ఏ కమిటీ గడపా దాటకముందే అధ్యక్షుడే ఇచ్చేసిన రాయితీ ఇది. మెడికేర్‌కు బేరమాడే హక్కు 2022 చట్టంతో గానీ రాలేదు. మొదటి పది మందుల తగ్గిన ధరలు 2026 జనవరిలో గానీ అమల్లోకి రాలేదు. ఈ మధ్య ఏళ్ళన్నీ ఎక్కువ ధర చెల్లించినవాళ్ళు వృద్ధులు, పన్ను కట్టే సామాన్యులు.

ఇప్పుడు అందరూ లీబర్‌మన్ ఖాతాలో రాసే పబ్లిక్ ఆప్షన్ సంగతికి వద్దాం. ప్రైవేటు కంపెనీలతో పాటు ప్రభుత్వం నడిపే బీమా కూడా ఒకటి ఉండాలి, ఇష్టమైనవాళ్ళు దాన్ని కొనుక్కోవచ్చు, ఆ పోటీతో ధరలు అదుపులో ఉంటాయి అన్నది ఆలోచన. ఒబామా ఎన్నికల ప్రణాళికలో ఇది ఉంది. 2009 జూలైలో వారాంతపు ప్రసంగంలో తాను సంతకం పెట్టే ఏ బిల్లులోనైనా ఇది ఉన్న బీమా మార్కెట్ ఉండి తీరాలన్నాడు. నాలుగు వారాలు తిరిగేసరికి, ఆగస్టు 15న, కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్ సభలో అది ఉన్నా లేకపోయినా సంస్కరణలో ఒక చిన్న ముక్క మాత్రమేనన్నాడు. మర్నాడు ఆరోగ్య మంత్రి కాథ్లీన్ సెబీలియస్ అది తప్పనిసరి అంశం కాదని టీవీలో చెప్పింది. సెప్టెంబర్ 9న కాంగ్రెస్ ఉభయసభల ముందు అది లక్ష్యం కాదు, ఒక సాధనం మాత్రమేనని ఆయనే మళ్ళీ అన్నాడు. డిసెంబర్‌లో అది పోయాక, ఎన్నికల్లో తాను దాని మీద ప్రచారం చేయలేదని వాషింగ్టన్ పోస్ట్‌కు చెప్పాడు.

ఈ వరసను లీబర్‌మన్ కళ్ళతో చదవండి. బీమా కంపెనీలకు కంచుకోట లాంటి కనెక్టికట్ నుంచి ఎన్నికైన మనిషి, ఇది అడ్డుకుంటే అధ్యక్షుడికి కోపం వస్తుందని ఎందుకు భయపడతాడు? ఆయనే నాలుగు నెలల నుంచి ఇది పోయినా ఫరవాలేదని చెబుతున్నాడు కదా.

అంతకంటే ఘోరం, లీబర్‌మన్ దగ్గర అధ్యక్షుడికి పట్టు లేదనడం. 2008లో లీబర్‌మన్ రిపబ్లికన్ మహాసభలో ఒబామా ప్రత్యర్థి జాన్ మెకెయిన్ తరఫున మాట్లాడాడు, ఒబామాకు వ్యతిరేకంగా ఊరూరా తిరిగాడు. ఎన్నికలయ్యాక డెమోక్రాట్ సెనేటర్లు ఆయన్ను హోమ్‌లాండ్ సెక్యూరిటీ కమిటీ ఛైర్మన్ పదవి నుంచి దించాలని చూశారు. ఆయన పార్టీ బృందంలోనే ఉండాలని కాబోయే అధ్యక్షుడు ఒబామా సంకేతం పంపాడు. 42–13 ఓట్లతో పదవి నిలిచింది. అంత పెద్ద ఉపకారం చేసిన మనిషి ఏడాది తర్వాత దానికి బదులేమీ అడగలేకపోయాడు. డిసెంబర్‌లో యాభై ఐదేళ్ళు దాటినవాళ్ళు మెడికేర్ కొనుక్కోవచ్చన్న రాజీ సూత్రం వచ్చింది. దాన్ని కూడా లీబర్‌మన్ కూల్చాడు. మూడు నెలల ముందు అలాంటి ఆలోచననే ఆయన మెచ్చుకున్నాడు. ఒక్క రోజైనా శ్వేతసౌధం ఆ మాట మార్పిడిని జనం ముందు నిలదీయలేదు. అలా లీబర్‌మన్ గెలిచాడు. విస్కాన్సిన్ సెనేటర్ రస్ ఫైన్‌గోల్డ్ ఆ రోజుల్లోనే తెగేసి చెప్పాడు: తప్పంతా లీబర్‌మన్‌దనడం కుదరదు, అధ్యక్షుడు మొదటినుంచీ కోరుకున్న బిల్లే ఇదిలా కనిపిస్తోందని.

లీబర్‌మన్ ఎంత ఒత్తిడి తెచ్చినా లొంగేవాడు కాదేమో. ఒప్పుకుంటాను. అప్పుడు రికన్సిలియేషన్ ఉంది. 2009 ఏప్రిల్ బడ్జెట్ తీర్మానంలోనే ఆరోగ్య బీమాకు ఆ దారి తెరిచి ఉంచారు. చివరికి చట్టానికి చేసిన సవరణలు ఆ దారినే నడిచాయి. 2010 ఫిబ్రవరిలో ఇరవై మందికి పైగా సెనేటర్లు పబ్లిక్ ఆప్షన్‌ను అదే దారిలో తీసుకురమ్మని లేఖ మీద సంతకాలు చేశారు. ఫిబ్రవరి 22న అధ్యక్షుడు తన సొంత ప్రతిపాదన విడుదల చేస్తే అందులో దాని ఊసే లేదు. అప్పటికి అరవయ్యో ఓటు అన్న ప్రశ్నే లేదు. యాభై ఓట్లు, ఉపాధ్యక్షుడి ఓటు చాలు. దానిమీద సభలో ఓటింగ్ పెట్టించమని కూడా ఆయన అడగలేదు.

వేసవి ఎలా పోయిందో ఇంకొంచెం చెప్పాలి. మాక్స్ బాకస్ అనే సెనేట్ ఫైనాన్స్ కమిటీ ఛైర్మన్ ముగ్గురు డెమోక్రాట్లు, ముగ్గురు రిపబ్లికన్లతో ఒక బృందం వేసి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బేరసారాలు సాగించాడు. అధ్యక్షుడు గడువు పెట్టాడు, గడువు దాటింది, ఊరుకున్నాడు. ఆ బృందంలోనే కూర్చున్న చార్లెస్ గ్రాస్లీ ఆగస్టులో అయోవాకు వెళ్ళి, ప్రభుత్వం అవ్వల ప్రాణం తీస్తుందేమోనని జనం భయపడడంలో తప్పులేదన్న అర్థంలో మాట్లాడాడు. ఆ నెలలోనే రిపబ్లికన్ నాయకురాలు సారా పేలిన్, ఎవరు బతకాలో ప్రభుత్వ కమిటీలే తేలుస్తాయంటూ డెత్ ప్యానెల్స్ అన్న అబద్ధాన్ని వదిలింది. ఊరూరా సభల్లో కేకలు, తోపులాటలు. అధ్యక్షుడు మాత్రం గ్రాస్లీ ఓటు కోసం ఎదురుచూశాడు. ఆ ఓటు రాలేదు. ఆ బృందంలోని మరో రిపబ్లికన్ ఎంజీ ఓటు రాలేదు. మూడో రిపబ్లికన్ ఒలింపియా స్నో కమిటీలో వేసింది, సభలో వేయలేదు. ఎవరిని సంతోషపెట్టడానికి బిల్లును మెత్తబరిచారో వాళ్ళలో ఒక్కరు కూడా చివరికి దానికి ఓటు వేయలేదు.

దీనికి ఎదురు వాదులు క్లింటన్‌ను చూపిస్తారు. 1994 జనవరిలో ఆయన పెన్ను ఎత్తి చూపిస్తూ, అందరికీ బీమా ఇవ్వని బిల్లును వీటో చేస్తానన్నాడు, ఏమైంది, సెప్టెంబర్‌కల్లా బిల్లు గోతిలో పడింది అంటారు. క్లింటన్ ఓడింది గట్టిగా కొట్లాడినందువల్ల కాదు, ఆలస్యంగా కొట్లాడినందువల్ల. 1993 సెప్టెంబర్ 22న కాంగ్రెస్ ముందు గొప్పగా మాట్లాడిన అధ్యక్షుడు ఆ శరదృతువంతా నాఫ్టా వాణిజ్య ఒప్పందం ఓట్ల కోసం తిరిగాడు. వెయ్యి పేజీలు దాటిన బిల్లును నవంబర్‌లో గానీ కాంగ్రెస్‌లో లాంఛనంగా ప్రవేశపెట్టలేదు. ఆ ఖాళీలో బీమా కంపెనీల సంఘం హ్యారీ, లూయీజ్ అనే దంపతుల ప్రకటనలతో టీవీల్ని నింపేసింది. ఒబామా బృందం ఆ ఓటమి నుంచి నేర్చుకున్న పాఠం, బిల్లు రాసే పనంతా కాంగ్రెస్‌కు వదిలేసి, కంపెనీలను ముందే మంచి చేసుకోవాలని. నేర్చుకోవాల్సింది మాత్రం మొదటి రోజునుంచే సాగదీయకుండా పట్టు బిగించాలని.

లిండన్ జాన్సన్‌కు ఆ సంగతి తెలుసు. ఆయనకు 1964 ఎన్నికల్లో వచ్చిన భారీ మెజారిటీ ఉంది, అందువల్లే మెడికేర్ వచ్చిందని లెక్కల వాదులు కొట్టిపారేస్తారు. మెజారిటీ ఉన్నా సెనేట్ ఫైనాన్స్ కమిటీ ఛైర్మన్ హ్యారీ బర్డ్ దానికి వ్యతిరేకి, విచారణలు జరపకుండా ఎన్నాళ్ళయినా తొక్కిపెట్టగలడు. 1965 మార్చి 26న జాన్సన్ కాంగ్రెస్ నాయకులతో పాటు బర్డ్‌ను శ్వేతసౌధానికి పిలిపించి, టీవీ కెమెరాల ముందు నిలబెట్టి, బిల్లు రాగానే విచారణలు వెంటనే మొదలుపెడతారు కదా అని అడిగాడు. దేశమంతా చూస్తుండగా బర్డ్ కాదనలేకపోయాడు. జూలై 30న మెడికేర్, పేదల బీమా అయిన మెడికేడ్ చట్టమయ్యాయి. ఆ రోజు జాన్సన్ సంతకం పెట్టింది మిస్సోరీలోని ఇండిపెండెన్స్‌లో, హ్యారీ ట్రూమన్ పక్కన కూర్చుని. 1945లోనే దేశమంతటికీ బీమా కావాలని కాంగ్రెస్‌కు సందేశం పంపి, వైద్యుల సంఘం చేసిన దుష్ప్రచారం చేతిలో ఓడిపోయిన అధ్యక్షుడాయన. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటి మెడికేర్ కార్డు ఆయనకే దక్కింది. ఓడిన పోరాటం కూడా తర్వాతివాళ్ళకు దారి వేస్తుంది, ఎవరూ చేయని పోరాటానికి ఆ ఫలితం కూడా ఉండదు.

2009లో ముందుగానే వదులుకున్నవాటి ఖర్చు ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. అధ్యక్షుడు బిల్లు ఖర్చు పదేళ్ళకు 90,000 కోట్ల డాలర్లు దాటకూడదని తానే గీత గీసుకున్నాడు. ఆ గీత దాటకుండా ఉండడానికి సబ్సిడీలు పలుచనయ్యాయి, అసలైన ప్రయోజనాలు 2014కు వాయిదా పడ్డాయి. ఆ లోపు 2010 నవంబర్ ఎన్నికల్లో జనం చేతికి పెద్దగా ఏమీ అందకుండానే డెమోక్రాట్లు ప్రతినిధుల సభలో 63 సీట్లు పోగొట్టుకున్నారు. పోటీ పెట్టే ప్రభుత్వ బీమా లేకపోవడంతో 2018 నాటికి దేశంలో దాదాపు సగం కౌంటీల్లో కొత్త మార్కెట్‌లో ఒకే ఒక్క కంపెనీ మిగిలింది. చాలీచాలని సబ్సిడీలను 2021లో తాత్కాలికంగా పెంచాల్సి వచ్చింది. వాటిని పొడిగించడం మీద 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వమే మూతబడింది. అయినా డిసెంబర్ 31తో అవి ముగిసిపోయాయి.

ఇది మనవాళ్ళకు దూరపు కథ కాదు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో హెచ్‌-1బి వీసా మీద పనిచేసే తెలుగు కుటుంబానికి ఉద్యోగం పోయిందంటే బీమా కూడా పోయినట్టే. కోబ్రా చట్టం కింద పాత బీమాను కొనసాగించుకోవచ్చు గానీ యజమాని వాటాతో సహా మొత్తం ప్రీమియం, దానిమీద ఇంకో రెండు శాతం, సొంత జేబులోంచి కట్టాలి. కంపెనీల ద్వారా వచ్చే కుటుంబ బీమా ఖరీదు ఏడాదికి సగటున పాతికవేల డాలర్లు దాటింది. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇచ్చేది అరవై రోజులు. ఇంట్లో ఒకరికి షుగరో బీపీయో ఉంటే 2014కు ముందు చాలా రాష్ట్రాల్లో, సొంతంగా కొనుక్కోబోతే బీమా అమ్మమని కంపెనీ మొహం మీదే చెప్పేది. ఆ దుర్మార్గాన్ని ఆపింది ఒబామా చట్టమే, ఆ మేలు మరిచిపోను. ప్రభుత్వ బీమా ఒకటి పక్కనుంటే ఆ అరవై రోజుల్లో ఆ ఇంటికి కనీసం ఒక సరసమైన దారి ఉండేది.

ఎదుటివాళ్ళ వాదనల్లో నిజంగా బరువున్నది ఒకటే. ఇంకా గట్టిగా పట్టుబడితే మొత్తం బిల్లే పోయేది, అప్పుడు రెండు కోట్లమందికి బీమా దక్కేది కాదు, అంత పెద్ద పందెం కాయడం న్యాయమా అని. 2010లో నూటికి పదహారు మందికి బీమా లేదు, 2016కల్లా అది తొమ్మిదికి తగ్గింది. ఈ అంకె వెనక బతికినవాళ్ళున్నారు. అందుకే ఈ వాదనను తేలిగ్గా తీసుకోను. కానీ నేను అడుగుతున్నది చివరి రాత్రి బిల్లును కాల్చేయమని కాదు. మార్చిలో రాజీపడడం వేరు, జూన్‌లోనే ఇచ్చేయడం వేరు. మందుల కంపెనీలకు జూన్‌లో ఇచ్చినదాన్ని డిసెంబర్ దాకా బిగబట్టి ఉంటే ఎవరి బీమా పోయేది? గ్రాస్లీకి సెప్టెంబర్ దాకా ఇచ్చిన గడువును జూలైలో ముగించి ఉంటే ఏ ఓటు తగ్గేది? పబ్లిక్ ఆప్షన్ కావాలని సెప్టెంబర్‌లో కూడా జూలై మాటే చెప్పి, చివర్లో తప్పక వదులుకుని ఉంటే, దానికి బదులుగా మెడికేర్ విస్తరణో, మెరుగైన సబ్సిడీలో పుచ్చుకోగలిగేవాడు. ఉచితంగా వదిలేసిన దానికి బదులు ఏమీ రాదు. వాళ్ళు భయపెడుతున్న ఆ పెద్ద పందేన్ని ఒబామా నిజంగానే కాశాడు, 2010 జనవరిలో, అన్నిటికంటే బలహీనంగా ఉన్నప్పుడు. గెలిచాడు.

ఆ గెలుపు కూడా తర్వాతివాళ్ళకు ధైర్యమివ్వలేదు. 2020లో జో బైడెన్ పబ్లిక్ ఆప్షన్ తెస్తానని చెప్పి గెలిచాడు, ఆ తర్వాత దాని కోసం కాంగ్రెస్‌లో యుద్ధమే చేయలేదు. మళ్ళీ అదే లెక్క చెప్పారు. 2028లో పోటీ చేయాలనుకునేవాళ్ళను ఇప్పుడే కొన్ని ప్రశ్నలు అడగాలి. ఆరోగ్య బీమా మీద మీకు నమ్మకముందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఏ క్లాజు లేని బిల్లును సంతకం పెట్టకుండా వెనక్కి పంపుతారు? మందుల కంపెనీలతో, ఆసుపత్రుల సంఘాలతో మాట్లాడేది ఎవరు, జనం చూస్తుండగానా? మొదటి ఏడాది బడ్జెట్ తీర్మానంలోనే ఫిలిబస్టర్‌ను తప్పించే దారి పెట్టి, దాన్ని వాడతారా? కమిటీలో కూర్చున్న అడ్డుపుల్లలకు ఎన్ని వారాల గడువిస్తారు, ఆ గడువు దాటితే ఏం చేస్తారు? ప్రయోజనాలు మొదటి మధ్యంతర ఎన్నికలకు ముందే ఓటరు చేతికి అందుతాయా? వీటికి జవాబు చెప్పకుండా ఓట్లు చాలవని ముందే గొణిగే అభ్యర్థికి ప్రైమరీలో ఓటు వేయకండి.